ఒకవైపు ఖాళీ

ఈ కాయితం ఎనుక అంకెలున్నయి, బాణం గుర్తులున్నయి.
ఎవరో పిలగాడు సగం లెక్క చేసి, కొట్టేసి, ఉండ చుట్టి
లైబ్రరీ మెట్ల కాడి నీలం డబ్బాల ఏసిండు.
చేత్తోని సాపు చేసి రెండు రాత్రులు పరుపు కింద పెట్టిన.
ముడుతలు పూరాగ పోలే.
పెన్ను ఆడాడ ఎగురుతున్నది.

సోహార్ల రాత్రి పదకొండు గొట్టినంక
కాలేజంటే ఏసీల గురక, నా బండి చక్రం కిర్రు.
పోయినేడు మూడు డబ్బాలు పెట్టిండ్రు:
కాయితానికి నీలం, సీసాలకు పసుపు, మిగిలినదానికి నల్లది.
పెద్దసారు రిబ్బన్ కత్తిరిచ్చిండు.
రిబ్బన్ ఏ డబ్బాలెయ్యాల్నో ఎవరూ చెప్పలే.
నల్లదాంట్ల ఏసిన.

రంగులు పగటికే.
రాత్రికి మూడు సంచులూ ఒక్కటే లారీ ఎక్కుతయి.
ఆ సంగతి నాకెరుక, డ్రైవర్ షంషేర్ ఖాన్‌కెరుక,
పోర్టు దిక్కెల్లి వచ్చే ఉప్పుగాలికెరుక.
గోడ మీది పోస్టర్ మాత్రం నవ్వుతనే ఉంటది.

నాకు ఇక్కడ మొకాలు తెల్వయి.
మూడో అంతస్తుల ఒక సారు కరక్ చాయ్ కప్పు అంచును పండ్లతోని కొరుకుతడు.
ఏం దిగులో.
పరీక్షల వారం హాస్టల్‌ల సగం తిన్న షవర్మాలు.
రంజాన్ల పగలంత డబ్బాలు గూడ రోజా ఉంటయి,
మగ్రిబ్ దాటంగనే నోరు తెరుస్తయి.

ఒక గురువారం బుథైనా అనే పిల్ల
పార్కింగ్‌ల టార్పాలిన్ పరిచి
ఒక్క దినం చెత్తంత దాని మీద కుమ్మరిపిచ్చింది.
తూకం కాంటా, గ్లౌసులు, పన్నెండుమంది దోస్తులు.
వాసనకు ఐదుగురు ఎల్లిపోయిండ్రు.
ఆమె ఉన్నది. వచ్చీరాని హిందీల అడిగింది,
భయ్యా, ఇదెక్కడిది?

చెప్పిన.
ఇది క్యాంటీన్‌ది. ఇది ల్యాబ్ అట్టపెట్టె, తడ్వకుంటే పనికొస్తుండె.
ఇది మూత తియ్యని నీళ్ల సీసా.
ఇదీ తియ్యనిదే.
ఇదీ.
మీటింగు అంటే కుర్చీకొక్కటి పెడతరు,
మనిషొచ్చినా రాకున్నా సీసా వస్తది.
నూట నలభై మూడు.
రాసుకుంట రాసుకుంట ఆమె పెన్ను ఆగింది.
నీ పేరు?
ఓదెలు, అన్న.
కుడి నుంచి ఎడమకు రాసింది.
నా పేరు ఎదురుంగ నడిచొస్తున్నట్టు చూసిన.

మా అమ్మ బీడీలు చుట్టేది.
కత్తెర కింద రాలిన తునికాకు ముక్కలు పొయ్యిలకు,
పొయ్యిల బూడిద బోళ్లకు,
బోళ్లు తోమిన నీళ్లు బీరపాదుకు.
మా ఇంట్ల చెత్తబుట్ట లేకుండె,
దాంట్ల ఎయ్యనీకి ఏం లేక.
ఇదంత ఆ పిల్లకు చెప్పలే. అడుగలే గూడ.

ఆర్నెల్లకు వరండాలల్ల నీళ్ల కుళాయిలు వచ్చినయి.
పిల్లల సంచులకు స్టీలు సీసాలు ఏలాడుతున్నయి.
నీలం సంచికి ఏరే లారీ, మంగళారం మంగళారం.
నమ్మక, గేటు దాక ఎంబడి పోయి చూసిన.
ఏరే లారీనే.
నలభై సంచులు ఇరవయ్యారుకు దిగినయి.
నడుం నొప్పి గూడ అంత దిగింది.

మా సూపర్వైజర్‌కు గూడ లెక్కలొస్తయి.
గిన్ని సంచులకు ఇద్దరెందుకన్నడు.
సిల్హెట్ జలాలుద్దీన్‌ను సహమ్ కాడి మాల్‌కు పంపిచ్చిండు.
ఆడ డబ్బాలు నిండుగుంటయట.
పోయేనాడు కొత్త గ్లౌసుల జత నా చేతుల పెట్టి
పారెయ్యకు, అన్నడు.

బుథైనాకు బహుమానం వచ్చింది.
ఫొటోల టార్పాలిన్ అంచున నా బూటు ఒక్కటి పడ్డది.
మొన్న ఎదురైతే అడిగింది,
రాత్రిపూట ఇద్దరుండేటోళ్లు గదా?
చెప్పిన.
ఈసారి రాసుకోలే.
ఉత్త చేతులతోని నిలబడ్డది.
ఇది నీ తప్పు గాదు బిడ్డా అందామనుకున్న,
హిందీల ఆ మాట కుదురలే.
కుళాయి దిక్కు చూపిచ్చి, నీళ్లు సల్లగున్నయి, అన్న.

జాగ ఒడిసింది, అంచుల మీద రాస్తున్న.
రెండు దిక్కుల నిండిన కాయితం
ఇగ నీలం డబ్బాకు పోవచ్చు.
కానీ లారీ నిన్ననే వచ్చిపోయింది.
వచ్చే మంగళారం దాక
పరుపు కిందనే ఉండనీ.